పచ్చడాబా మీద పనసాకు

"ఒక్క ఆకు రాలితే మావాడి ఉద్యోగం పోదు కదండీ?" అని కాంతమ్మ అడిగేసరికి కుండీలు ఇంకా లారీలోంచి దిగనేలేదు.

పచ్చడాబా పథకం ప్రత్యేకాధికారి సోమేశ్వరరావుగారు జవాబు చెప్పలేదు. ఆయన ఎవరికీ చెప్పరు. నోరు జారిన మాట ఏనాటికైనా ఫైలెక్కుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఆయన్ని ఇంతవారిని చేసింది. ఆ ఆఫీసులోనే టెంపరరీ అటెండరుగా ఉన్న కాంతమ్మ కొడుకు ప్రసాదు, ఆయన బదులు జీవో చదివి వినిపించాడు.

"ప్రతి డాబా సతతహరితం కావలెను. సతతహరితమనగా ఆకు రాలనిది."

కొబ్బరాకులు అడ్డొచ్చి ఆకాశం కూడా కనబడని కొత్తపేట పక్క పల్లెలో పచ్చదనం కొరత ఉందని కనిపెట్టింది సామాన్యులు కాదు, పచ్చదనం మంత్రి పోలిరాజుగారు. ప్రారంభోత్సవానికి వారు కాంతమ్మ డాబాకే వస్తున్నారు. మొక్కలు పచ్చగా ఉంటే ప్రసాదు పర్మనెంటు. లేకపోతే ఇంటికి.

సిమెంటు కుండీల్లో నందివర్ధనాలు డాబా ఎక్కాయి.

"అడుగున చిల్లులేవిరా?" అంది కాంతమ్మ.

"టెండర్లో లేవే అమ్మా. గవర్నమెంటు ఆస్తికి మనం చిల్లు పెట్టకూడదు."

"మరి నీళ్లెటు పోతాయిరా? వేళ్లు కుళ్లిపోతాయి. బరువుకి శ్లాబు కూలిపోద్ది. దాని కిందే కదరా నువ్వు పడుకునేది!"

"ఊరుకోవే, సార్ ఉన్నారు."

సార్ గొడుగు తెరిచారు.

జీవో ప్రకారం పూటకో బిందె నీళ్లు. మొక్కలు జీవోకి కట్టుబడి నిండా మునిగాయి. వారం తిరక్కుండానే ఆకులు పసుపెక్కి రాలసాగాయి. ఆకు రాలిన ప్రతిసారీ కాంతమ్మకి కొడుకు ట్రంకుపెట్టె పట్టుకుని మెట్లు దిగుతున్నట్టు కనిపించేది.

మంత్రిగారొచ్చే రోజు పొద్దున్న చూస్తే ఉత్త కొమ్మలే మిగిలాయి.

"అయిపోయింది! ఉద్యోగం పోయింది, వీడికి పిల్లనిచ్చేవాళ్లూ పోయారు!" అని ఏడుస్తూనే ఆవిడ, పొట్టిక్కలకని కోసి ఉంచిన పనసాకులు చూసింది. పనసాకుల్ని కొబ్బరి ఈనెపుల్లలతో గుచ్చి, బుట్టలు కుట్టి, ఇడ్లీపిండి పొయ్యడం ఆవిడ కళ్లు మూసుకుని చేసే పని. చేతులు వాటంతటవే కదిలాయి. మంత్రిగారి కారు హారను వినబడేసరికి ప్రతి నందివర్ధనమూ పనసాకులతో కళకళలాడుతోంది.

పోలిరాజుగారు పరవశించిపోయారు. "నందివర్ధనం ఎక్కడైనా ఇంతేసి ఆకు వేస్తుందా? మన పథకంలో వేసింది! ఏం ఎరువేశారమ్మా?"

"భయమేనండి బాబూ."

"సేంద్రియం!" అని మంత్రిగారు వెనక్కి తిరిగి చెప్పారు. చప్పట్లు మోగాయి.

ఆ ఊపులో వారు జేబుకి పెట్టుకుందామని ఓ ఆకు తుంచారు. ఆకుతో పాటు పుల్లా వచ్చింది. ఆయనది రాజోలు, పొట్టిక్కలు తిని పెరిగిన ప్రాణం. వాసన చూశారు.

"ఇది పొట్టిక్కబుట్టాకు కదమ్మా?"

ప్రసాదు కళ్లు మూసుకున్నాడు. కాంతమ్మ పిట్టగోడ పట్టుకుంది.

"ఇలా గుచ్చితే ఎంతసేపుంటుంది?"

"ఎవరూ ముట్టుకోకపోతే... సాయంత్రం దాకా ఉంటుందండి."

"సీఎంగారు పావుగంటే ఉంటారు." మంత్రిగారు ఆకుని జాగ్రత్తగా మళ్లీ కొమ్మకి గుచ్చేశారు. "ఈ కుర్రాణ్ణి పర్మనెంటు చేసెయ్యండి. సీఎంగారు వచ్చే నెల జిల్లా అంతా తిరుగుతారు. అన్ని డాబాలకీ పుల్లలు సరిపోతాయా, సోమేశ్వరరావుగారూ?"

సోమేశ్వరరావుగారు గొడుగు మూశారు. చుట్టూ ఉన్న కొబ్బరిచెట్ల వైపు చాలాసేపు చూశారు.

"ఆయ్," అన్నారు. "కోనసీమండి. పుల్లలకేం లోటండి."