పదార్థం పేరు: నాన్న

నాగరికత ముందుకు సాగేకొద్దీ కడుపునొప్పి కూడా ఒక ప్రత్యేక శాఖగా ఏర్పడుతుంది. పూర్వం కడుపు ఉబ్బితే నాలుగు గుక్కలు వేడినీళ్లు తాగి అటు తిరిగి పడుకునేవారు. ఇప్పుడు అలా పడుకోవడం నిర్లక్ష్యం కిందికి వస్తుంది. ఉబ్బిన కడుపుకి కారణం ఉండాలి, కారణానికి పేరుండాలి, పేరుకి యాప్ ఉండాలి. ఇవన్నీ సక్రమంగా సమకూరిన ఇల్లు మన బేకరీ మాస్టారిది.

మాస్టారు పెళ్లికి ముందునుంచీ పిండిలోనే బతుకుతున్న మనిషి. తెల్లారకముందే వెళ్లి పిండి కలిపి, రొట్టెలు కాల్చి, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు అమ్ముడుపోని బన్నులూ కేకు ముక్కలూ సంచీలో వేసుకొచ్చేవారు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరి వాటి సంగతి చూసేవారు. ఆ తర్వాత భోజనం చేసేవారు. ఆ తర్వాత కడుపులు పట్టుకునేవారు. (ఈ వరుసలో ఎవరికీ ఏ లోపమూ కనిపించలేదని గమనించాలి.) సంచీ తెరవగానే భార్య, కూతురు, తల్లి ముగ్గురి మొహాల్లో వచ్చే వెలుగు కోసమే మాస్టారు రోజంతా పొయ్యి ముందు నిలబడేవారు. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఒకరోజు ఆయన భార్య సంచీ అందుకోకుండా నిలబడింది.

"మనింట్లో ఎవరికీ గోధుమ పడటం లేదండీ. అందులో గ్లూటెన్ అని ఒక జిగురుంటుందట. అదే మనల్ని తినేస్తోంది."

"ఆ జిగురు వల్లే కదే ఇన్నాళ్లూ బతికింది" అన్నారు మాస్టారు.

"బతకడం వేరు, పడటం వేరు" అంది ఆవిడ.

అప్పటికే ఇంట్లో పరిపాలనా వ్యవస్థ ఏర్పడిపోయింది. యాప్ నిబంధనల ప్రకారం ప్రతి కుటుంబానికీ ఒక పర్యవేక్షకురాలు ఉండాలి కనుక ఆవిడ అయింది. కాలేజీకి వెళ్లే కూతురు నమూనాల అధికారి. మాస్టారి తల్లికి వయసు దృష్ట్యా సలహాదారు హోదా దక్కింది. ఈ నియామకాలు జరిగినప్పుడు మాస్టారు పనిలో ఉన్నారు కాబట్టి ఆయన సాధారణ పౌరుడిగా మిగిలారు.

యాప్ వాళ్లు పంపిన పెట్టెలో కాగితపు పట్టీలూ బుల్లి సీసాలూ ఉన్నాయి. పట్టీ మీద ఒక గీత వస్తే గ్లూటెన్ లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. పెట్టె మీద 'ఆహార పదార్థాల పరీక్షకు మాత్రమే' అని రాసి ఉంది. నమూనాల అధికారి అది చదివింది కూడా. కానీ ఇంట్లో తేల్చాల్సింది మనుషుల సంగతి కదా. అందుకని అందరి అరచేతులూ తడిదూదితో తుడిచి, ఆ దూదిని సీసాల్లో ముంచింది. తల్లికి ఒక గీత. నానమ్మకు ఒక గీత. తనకూ ఒకటే. అప్పుడే పనినుంచి వచ్చి చెప్పులు విడుస్తున్న మాస్టారి చెయ్యి తుడిస్తే రెండు గీతలు వచ్చాయి, వీధి చివరికి కనపడేంత ఎర్రగా.

"నాన్నా, నీలో ఉంది" అంది కూతురు.

"ఏముందమ్మా?"

"గ్లూటెన్. మా ఎవరిలోనూ లేదు. నీలోనే ఉంది."

సలహాదారు కళ్లజోడు సవరించుకుని పట్టీని చూసింది. "కన్న కడుపుకే పడకుండా పోయావు కదరా" అంది, కోపంగా కాదు, ఒక నివేదిక సమర్పిస్తున్నట్టు.

గ్లూటెన్ బయటపడ్డ పదార్థాన్ని వెంటనే నమోదు చేయాలని యాప్ నిబంధన. 'పదార్థం పేరు' అన్నచోట కూతురు 'నాన్న' అని కొట్టింది. యాప్ అభ్యంతరం చెప్పలేదు. ('బాబాయ్' అని కొట్టినా చెప్పి ఉండేది కాదు. యంత్రానికి చుట్టరికాల పట్టింపు లేదు.) ఆ వెంటనే ఆదేశాలు వచ్చాయి: 'నాన్నను మిగతా వాటితో కలపకండి. పొడిగా, గాలి తగిలేచోట విడిగా ఉంచండి. నాన్నను తాకిన గరిటెలు వేరే వాటికి వాడకండి.'

గాలి తగిలేచోటు ఆ ఇంట్లో బాల్కనీ ఒక్కటే. మడత మంచం అక్కడికి చేరింది, ఆయన కంచం, గ్లాసు దాని వెంట వెళ్లాయి. వాన పడితే ఏం చేయాలని ఆయన అడిగారు. పొడిగా ఉంచమన్నారు కాబట్టి పర్యవేక్షకురాలు ఒక ప్లాస్టిక్ పట్టా మంజూరు చేసింది.

యాప్ అక్కడితో చేతులు దులుపుకోలేదు. 'నాన్నకు బదులుగా వాడదగినవి' అంటూ బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, బంగాళాదుంప పిండి సూచించింది. కూతురు ఆ మూడూ తెచ్చి డబ్బాల్లో పోసింది. మాస్టారు బాల్కనీ గాజు తలుపులోంచి తన ప్రత్యామ్నాయాలను అరలో వరసగా చూసుకున్నారు. బంగాళాదుంప పిండి తన స్థానంలోకి రావడం ఆయనకు కాస్త కష్టంగా తోచింది.

అలాగని ఆయన ఊరికే కూర్చోలేదు. బేకరీలోనే స్నానం చేశారు. గోళ్లు మొదలుదాకా కత్తిరించుకున్నారు. బన్నులు తేవడం మానేశారు. ఉతికిన చొక్కా తొడుక్కుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా గుమ్మంలో చేతులు చాచి నిలబడ్డారు. రెండు గీతలు వచ్చాయి. చెవి వెనక కూడా తుడిచి చూశారు, అక్కడా రెండే. ఇన్నేళ్ల పిండి చర్మంలో కాపురం పెడితే సబ్బు మాత్రం ఏం చేస్తుంది.

"నేను వేరే పని చూసుకోనా?" అని అడిగారు ఒక సాయంత్రం, తలుపు సందులోంచి.

"ఈ వయసులో మీకేం పని వచ్చండీ?" అంది ఆవిడ. మంచిమనసుతోనే అంది. మాస్టారు తలుపు సందు మూసుకున్నారు.

ఇంతకీ ఇంట్లో అందరి కడుపులూ నిమ్మళించాయి. ఉబ్బరం పోయింది. నానమ్మ మెట్లెక్కింది. 'నాన్నను తగ్గించాక మీకు ఎలా ఉంది?' అని యాప్ ప్రతి ఉదయం అడిగేది. 'చాలా మెరుగు' అని ముగ్గురూ నొక్కేవారు. మాస్టారు అది తలుపు అవతలనుంచి చూసేవారు. ఆ మాట తప్పని చెప్పడానికి ఆయన దగ్గర ఆధారం లేదు.

యాప్ తృప్తిపడి, ఇక అధికారికంగా రక్తపరీక్ష చేయించుకోమంది. ల్యాబులో రక్తం తీసే అబ్బాయి సూది పక్కన పెట్టి అడిగాడు. "గోధుమ మానేసి చాలా రోజులైందా? అయితే ఈ పరీక్ష దండగండీ. తింటూ ఉంటేనే తెలుస్తుంది. కొన్ని వారాలు బాగా తిని రండి."

"అంటే జబ్బు ఉందో లేదో తెలియాలంటే ముందు తెచ్చుకోవాలా?" అంది సలహాదారు.

"అంతేనమ్మా."

పర్యవేక్షకురాలు ఋజువుగా పట్టీ తీసి చూపించింది. అబ్బాయి దాన్ని తిప్పి చూశాడు. "ఇది తిండికి పెట్టేదండీ, మనుషులకి కాదు. ఇంతకీ ఆయనేం చేస్తారు?"

"బేకరీలో మాస్టారు."

అబ్బాయి పట్టీని జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు. ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు ఓర్పు నేర్పుతారు.

అలా మాస్టారి పునఃప్రవేశం వైద్య అవసరంగా గుర్తింపు పొందింది. 'నాన్నను కొద్దికొద్దిగా తిరిగి ప్రవేశపెట్టండి. మొదట చెంచాడు' అంది యాప్. మొదట ఆయన్ని గుమ్మం దాకా రానిచ్చారు. తర్వాత సోఫా చివర. ఆ తర్వాత సంచీతో సహా అనుమతించారు. పరీక్ష కోసం బాగా తినాలి కదా, బన్నులు ఎన్ని తెచ్చినా చాలలేదు. కూతురు ఆయన భుజానికి ఆనుకుని కేకు తింది. మాస్టారి తల్లి, "ఇంకోటి ఇటు పడెయ్యరా" అంది. మాస్టారు ఆ వారాల్లో ఉన్నంత సంతోషంగా ఎప్పుడూ లేరు. మళ్లీ అందరికీ కడుపులు ఉబ్బాయి. ఆయన జాలిపడ్డారు, కానీ నిజం చెప్పాలంటే అంతగా కాదు.

రిపోర్టులు వచ్చాయి. ఎవరికీ ఏమీ లేదు. గోధుమ అందరికీ నిక్షేపంగా పడుతోంది.

మాస్టారు గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. "చూశారా, నేనేమీ చేయలేదు" అన్నారు.

ఆవిడ రిపోర్టు రెండోసారి చదివింది. పక్కన సగం కొరికిన బన్ను ఉంది. "గోధుమ కాదన్నమాట" అంది నెమ్మదిగా. "మరి మీరు బాల్కనీలో ఉన్నన్నాళ్లూ మాకు అంత హాయిగా ఎందుకుందండీ?"

నమూనాల అధికారి సలహాదారు వైపు చూసింది. సలహాదారు బన్ను నములుతూ కొడుకు వైపు, చాలాసేపు, న్యాయంగా చూసింది.

ఆ సాయంత్రమే కుటుంబ సమావేశం జరిగింది. గోధుమపిండికి ఇంట్లోకి శాశ్వత అనుమతి లభించింది. మాస్టారి విషయం పరిశీలనలో ఉంది.