పరికరం నంబరు 4417

మనిషి ఒంట్లో రక్తం ఎంత ఉందో చెప్పే హక్కు మనిషికి లేదు. ఆ హక్కు నంబరున్న యంత్రానికి మాత్రమే ఉంది. అమెరికాలో డులూత్ అనే ఊళ్లోని మా ఆసుపత్రిలో పద్నాలుగో నిబంధన సారాంశం ఇది. ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, దాన్ని రాసింది నేనే. (అచ్చుతప్పులూ నావే.) పొట్టకూటికి నేను మత్తు డాక్టర్ని. గౌరవానికి, మంచం పక్క రక్తపరీక్షల ఖచ్చితత్వ సంఘానికి అధ్యక్షుణ్ణి. ఒకసారి సమావేశానికి ఆలస్యంగా వెళ్లడం వల్ల దక్కిన పదవి.

ఆ నిబంధన గొప్పతనం మార్చిలో ఇర్యా మాకి కాలేయం ఆపరేషన్‌లో బయటపడింది. ఆవిడ ముప్పై ఏళ్లు స్కూలు బస్సు తోలి రిటైరైంది. ఆవిడ రక్తానికి సరిపడేది దొరకడం చాలా కష్టం. ఊరు మొత్తానికి రెండే ప్యాకెట్లు ఉన్నాయి. మూడోది మినియాపొలిస్ నుంచి కారులో రావాలి. ఆ రోజేమో మంచు. మత్తు ఇచ్చే ముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రెండూ కాస్త చూసి వాడండి డాక్టరు గారూ. ఈ మంచులో ఆ రోడ్డు సంగతి నన్నడగండి."

చూసి వాడతానని మాటిచ్చాను. చూడ్డానికి మా దగ్గర అరచేతిలో పట్టే యంత్రం ఉంది. రెండు చుక్కలు పోస్తే రెండు నిమిషాల్లో హిమోగ్లోబిన్ ఎంతో చెబుతుంది. ఏడుకి తగ్గితే రక్తం ఎక్కించాలి. ఆపరేషన్ మొదలైన గంటన్నరకి యంత్రం 6.8 అంది.

రక్తంతో తడిసిన గుడ్డలు తూకం వేసే నర్సు ఆర్డిస్ హాల్వర్సన్, పేషెంటు పెదవి లోపలివైపు ఎరుపు ఎంతుందో ఓసారి చూసి తల అడ్డంగా ఊపింది. ఎనిమిదిన్నరకి తక్కువ ఉండదని, సెలైన్ బాగా పోసినప్పుడల్లా ఆ యంత్రం తక్కువ చూపిస్తుందని, ఈ మాట పోయినేడాదే చెప్పానని అంది. (చెప్పింది. "బయటివారి అభిప్రాయం" అని మా సంఘం మినిట్స్‌లో ఉంది.) నేను మర్యాదగా ఆవిడ సీరియల్ నంబరు ఎంతని అడిగాను. మొదటి ప్యాకెట్ ఎక్కించాం. పద్దెనిమిది నిమిషాల తర్వాత పెద్ద ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది: అదే రక్తం, 8.6. నియమం ప్రకారం ఆ అంకెను తిరిగి చదివి వినిపించమన్నారు. స్పష్టంగా, ఒక్క తప్పు లేకుండా చదివాను. తర్వాత మూడో ప్యాకెట్ కోసం మినియాపొలిస్‌కి కబురు పెట్టించాను.

అప్పుడు కాలేయం వెనక ఒక రక్తనాళానికి వేసిన ముడి జారి రక్తం ఉబికింది. మా సర్జన్ టోలెఫ్‌సన్ ప్రమాదం పెరిగేకొద్దీ మెల్లగా మాట్లాడతాడు. ఇప్పుడు దాదాపు వినిపించడం లేదు. నేను యంత్రం అందుకున్నాను. దాన్ని వాడే అర్హత కోసం నేను ఏటా రాయాల్సిన పరీక్ష గడువు నిన్నటితో ముగిసిందని, ఇరవై ప్రశ్నలకు జవాబులిచ్చి మళ్లీ ప్రయత్నించమని అది సవినయంగా కోరింది. ఇతరుల కార్డుతో యంత్రం తెరవరాదని పదిహేనో నిబంధన. (అదీ నాదే.) నిలబడే మొదలుపెట్టాను. నేనే తయారుచేసిన ప్రశ్నల్లో పదకొండోదానికి తప్పాను. యంత్రం మళ్లీ మొదటి ప్రశ్నకి వెళ్లింది.

అంకె లేనిదే బ్లడ్ బ్యాంక్ ప్యాకెట్ ఇవ్వదు. యంత్రం నంబరు లేనిదే అంకె చెల్లదు. ఆర్డిస్ మళ్లీ పెదవి చూసింది.

"ఆరున్నర. ఇప్పుడే పెట్టాలి డాక్టర్. ల్యాబ్ దాకా ఆగితే మనిషి ఉండదు."

"నంబరు చెప్పండి."

"చెప్పాగా, ఆరున్నర."

"మీ నంబరు. ఉద్యోగి నంబరైనా సరే."

"4417."

పరికరం నంబరు గడిలో రాశాను. కింద ఇంకో గడి ఉంది: చివరిసారి సరిచూసినది ఎప్పుడు?

"పొద్దున ఆరింటికి కాఫీ తాగాను. అది రాసుకోండి," అంది ఆర్డిస్.

రాసుకున్నాను. నాలుగు నిమిషాల్లో ప్యాకెట్ వచ్చింది. టోలెఫ్‌సన్‌కి నాళం దొరికింది. ప్యాకెట్ అయిపోవడం, రక్తస్రావం ఆగడం ఇంచుమించు ఒకేసారి జరిగాయి. ఏది ముందో చెప్పే యంత్రం మా దగ్గర లేదు. ఆ తర్వాత ల్యాబ్ తీరిగ్గా ఫోన్ చేసి, ప్యాకెట్ పెట్టేముందు పంపిన రక్తం 6.6 అంది. మినియాపొలిస్ కారు సాయంత్రానికి చేరింది.

మరుసటి వారం నా అధ్యక్షతన సంఘం సమావేశమైంది. ఖచ్చితత్వ పట్టికలో 4417 ప్రథమ స్థానంలో నిలిచింది, తేడా 0.1 మాత్రమే. అలాంటివి ఇంకో డజను కొందామని ఒక సభ్యుడు ప్రతిపాదించాడు. ఏ కంపెనీదో ఎవరికీ తెలియక అది వాయిదా పడింది. ఈలోగా పరికరాల తనిఖీ అధికారి ఒక ఘోరం కనిపెట్టాడు: 4417 వాడకంలోకి వచ్చి ముప్పై ఒక్క ఏళ్లయింది, నిబంధనల ప్రకారం పరికరం ఆయుష్షు ఏడేళ్లు. తక్షణం వాడకం నిలిపివేయాలని తీర్మానించాం. కింద సంతకం నాది. ఇప్పుడు ఆర్డిస్ గుడ్డలు తూకం వేస్తుంది, అంతే. ఎంత ఉండొచ్చని నేను గుట్టుగా అడిగితే, "నా గడువు తీరింది డాక్టర్," అంటుంది.

ఇంటికి వెళ్లే రోజు ఇర్యా మాకి నన్ను పిలిపించి, రెండు ప్యాకెట్లూ అవసరమయ్యాయా అని అడిగింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఒకటి మీకు అవసరమైందండీ. ఒకటి నిబంధనకి."

ఆవిడ కోటు గుండీలన్నీ పెట్టుకుంది.

"పాపం, ఇప్పుడెలా ఉంది దానికి?"

పూర్తి ఆరోగ్యంగా ఉందని చెప్పాను. ఆ రోజు థియేటర్‌లో చుక్క రక్తం కూడా పోగొట్టుకోనిది అదొక్కటే.