ఆవు నోట్లో పళ్ళ డాక్టరు

ఎండ ముదరకముందే పాల ఫారం చేరాలి, దారిలో ఐస్‌క్రీం కరగకూడదు. ఆ ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరుగారింట్లో వేసుకున్న పథకం ఇంతే.

డాక్టరు భార్య ఇంట్లో ఐస్‌క్రీం చేస్తుంది. తిన్నవాళ్ళంతా లొట్టలేశారు గానీ, అమ్మిపెడతామన్న కొట్టువాడు ఒక్కడూ దొరకలేదు. "మీరు పళ్ళు పుచ్చబెడితే ఆయన పీకుతాడా?" అని నవ్వి పంపేసేవాళ్ళు. చివరికి పాల ఫారం యజమానురాలు మాత్రం, "మా పాలతో చేసి తీసుకురండి. నచ్చితే మా కొట్టులో పెడతాను. నచ్చకపోతే మళ్ళీ అడక్కండి," అంది. ఆవిడ ముక్కుసూటి మనిషి. ఇది కూడా పోతే తొక్కడానికి ఇంకో గడప లేదు. ఆ బెంగతో భార్య నిద్రపోలేదు. ఆమె దొర్లుతోందని భర్త నిద్రపోలేదు. ఇద్దరి గుసగుసలకీ అత్తగారు నిద్రపోలేదు.

"ఏవండీ, మెల్లగా! కుదుపులకి పాడైపోతుంది."

"మెల్లగా వెళ్తే కరిగిపోతుందే!"

"ఒరేయ్, ముందు రోడ్డు చూడరా," అంది వెనక సీట్లోంచి తల్లి. కారు ఆగేసరికి ముగ్గురికీ ముచ్చెమటలు పట్టాయి.

ఫారం గేటు కాపలావాడికి యజమానురాలు ఆ పొద్దున రెండు ముక్కలు చెప్పి ఉంచింది. పశువుల డాక్టరు మందుల డబ్బాతో వస్తారు, కొట్టంలోకి పంపు. ఐస్‌క్రీం ఆవిడ వస్తుంది, కొట్టులో కూర్చోబెట్టు.

పళ్ళ డాక్టరు ఐస్ డబ్బాని పసిపిల్లలా కావలించుకుని దిగాడు. "నేను డాక్టర్ని. కొట్టు ఎటు? తొందరగా!"

డాక్టరు, డబ్బా, తొందర. కాపలావాడికి అంతకన్నా ఆనవాలు అక్కర్లేదు. "మీకోసమే చూస్తున్నామండీ! లోపలికి మీరొక్కరే రండి. ఆడవాళ్ళు అటు కూర్చోవాలి," అని అత్తాకోడళ్ళని కొట్టుకీ, డాక్టర్ని డబ్బాతో సహా కొట్టానికీ తోలేశాడు.

అక్కడ వరసగా ఆవులు. పాలు పితికే ఆయన ఎదురొచ్చి చేతులు జోడించాడు. "ఈ ఆవు రెండ్రోజుల్నించీ మేత ముట్టట్లేదు డాక్టరుగారూ. కాస్త నోరు చూడండి."

"నేను... పళ్ళ..."

"పళ్ళే చూడండి!"

పెళ్ళికెళ్ళినా పరామర్శకెళ్ళినా ఎవరో ఒకరు తన ముందు నోరు తెరవడం డాక్టరుకి అలవాటే. ఊరికే వచ్చిన డాక్టరు కదా, యజమానురాలు తన ఆవు నోరు కూడా చూపించుకుంటోంది కాబోలు అనుకున్నాడు. కాదంటే ఆవిడకి కోపమొస్తుంది, కోపమొస్తే భార్య కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. భయపడుతూనే డబ్బా కింద పెట్టి, ఆవు పెదవి పైకెత్తాడు.

"పైన ముందు పళ్ళు ఒక్కటీ లేవు! ఎప్పుడు ఊడాయి?"

పాలాయన తెల్లబోయాడు. ఇన్నేళ్ళ నుంచి పాలు పితుకుతున్నా, ఏనాడూ ఆవు నోట్లోకి తొంగిచూసిన పాపాన పోలేదు. ఆయన వ్యవహారమంతా వెనకవైపే. ఇద్దరూ పక్క ఆవు నోరు తెరిచారు. దానికీ లేవు. ఆ పక్కదానికీ లేవు.

"అంటువ్యాధి!" అన్నాడు డాక్టరు.

ఆ మాట గేటుకి చేరడమే తడవు, కాపలావాడు గేటుకి తాళం వేసి కొట్టుకి పరిగెత్తాడు. అక్కడ యజమానురాలు చెంచా పట్టుకుని కూర్చుంది. "ఏదమ్మా ఐస్‌క్రీం?" అని ఆవిడ అడగడం, "మావారు తెస్తున్నారండీ" అని ఈవిడ నీళ్ళు నమలడం అప్పటికి చాలాసార్లయింది.

"అమ్మగారూ! మన ఆవులన్నిటికీ పళ్ళు ఊడిపోయాయట! డాక్టరుగారు చెప్పారు!"

చెంచా కింద పడింది. "ఏ డాక్టరు?" అని అరిచింది భార్య. అప్పటికే అందరూ పరుగు.

ఇక్కడ కొట్టంలో పాలాయన చేతులు ముడుచుకు కూర్చోలేదు. డాక్టరు తెచ్చిన డబ్బా తెరిచాడు, తెల్లటి మందు చూశాడు, దోసెడు తీసి జబ్బు ఆవు నోటికి అందించాడు. ఆవు నాకింది. ఓసారి ఆలోచించి, డబ్బాలోనే మూతి పెట్టేసింది.

"అది మందు కాదయ్యా!"

"మరి డబ్బాలో తెచ్చారుగా!"

పరుగున వచ్చిన భార్యకి కళ్ళదాకా తెల్లబడ్డ ఆవు మొహం, ఖాళీ డబ్బా కనబడ్డాయి. ఆమెకి ఏడుపు కూడా రాలేదు. డాక్టరు ఆమె వైపు చూడలేక ఆవు వైపు చూశాడు.

"మీరు పశువుల డాక్టరు కాదా?" అంది యజమానురాలు.

"పళ్ళ డాక్టర్నండీ. మనుషులవి."

తాళం వేసిన గేటు బయట అసలు డాక్టరు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. ఎట్టకేలకు లోపలికొచ్చి సంగతి విని, "ఆవులకి పైన ముందు పళ్ళు పుట్టుకతోనే ఉండవండీ," అన్నాడు.

"దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు," అంది తల్లి. "వీడు పరాయివాళ్ళ ఆవులకి లెక్కపెట్టి, అదీ తప్పాడు."

పశువుల డాక్టరు ఆవు నోట్లో చెయ్యి పెట్టి నాలుక కింద గుచ్చుకున్న ముల్లు లాగేశాడు. ఐస్‌క్రీం చల్లదనానికి నొప్పి తగ్గబట్టే నోరు పట్టనిచ్చిందన్నాడు. ఆవు మెడ చాచి గడ్డి అందుకుంది.

యజమానురాలు కాసేపు ఆవుని చూసింది. తర్వాత వంగి డబ్బా మూత తీసుకుంది. లోపలివైపు అంటుకున్న కాస్త ఐస్‌క్రీంని వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. ఆవిడ మూత తిప్పి, ఇంకోసారి గీకింది.

"రేపట్నించి పంపండి," అంది. కాపలావాడి వైపు తిరిగి, "కొట్టుకి!" అని గట్టిగా చెప్పింది. "బొమ్మతో సహా పెద్ద బోర్డు పెట్టిస్తాను. ఈ కథ విన్నవాళ్ళెవరూ కొనకుండా వెళ్ళరు."

భార్య ఈసారి నిజంగానే ఏడ్చింది. మర్నాడే తల దువ్వుకుని, కొత్త బట్టలు కట్టుకుని, మంచి ఫొటో తీయించుకుని పంపింది.

వారం తిరక్కుండా బోర్డు లేచింది. ఆమె బొమ్మ ఉంటుందని ఇంటిల్లిపాదీ చూడబోతే, ఆవు బొమ్మ ఉంది.