తప్పు గుమ్మం

ఆ రోజు ఉదయం లైబ్రరీ కంప్యూటరాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా లైబ్రరీకి చేరడం, పదింటికి వచ్చే పాలకవర్గం అధ్యక్షుడికి తను తయారుచేసిన పుస్తకాల జాబితాను తెర మీద చూపించడం, ఆరేళ్లుగా టెంపరరీగా వేలాడుతున్న ఉద్యోగాన్ని పర్మనెంటు చేయించుకోవడం. ఇందుకోసం చొక్కా ఇస్త్రీ కూడా చేయించాడు. పథకంలో మావగారి ప్రసక్తి లేదు. దాని లోపం అదే.

మావగారు ముప్ఫై ఆరేళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఇప్పుడు కూతురింట్లో ఉంటూ, అల్లుడు కొనిచ్చిన కంప్యూటరు మీద ఆత్మకథ రాస్తున్నారు. నాలుగు వందల పేజీలైంది. ఏ రోజు ఏది గుర్తొస్తే అది రాయడం వల్ల ఒక పేజీలో రిటైరై, మరుసటి పేజీలో సైకిలు నేర్చుకుంటూ ఉంటారు. ఆ కంప్యూటరు రోజుకోసారి మొరాయిస్తుంది. అప్పుడల్లా అల్లుడు లైబ్రరీలో కూర్చునే ఒక నల్ల విండో తెరిచి, ఇంట్లో ఉన్న యంత్రానికి ఒక్క లైను కమాండ్ పంపి రీస్టార్ట్ చేస్తాడు. కమాండ్ చివర ఏదైనా మాట రాస్తే అది అవతలి తెర మీద కనిపిస్తుంది. మావగారికి ఫోనులో సరిగా వినపడదు. అందుకని "మావయ్యగారూ, రెండు నిమిషాల్లో ఆగిపోతుంది, రాసింది సేవ్ చేసుకోండి" అని ఎంతో మర్యాదగా రాసేవాడు.

పదికి రెండు నిమిషాలుందనగా భార్య ఫోను చేసింది.

"నాన్నగారి కంప్యూటరు మళ్లీ బిగుసుకుపోయిందండీ. కాస్త చూడరూ?"

"ఇప్పుడా? ఇక్కడ అధ్యక్షులవారు మెట్లెక్కుతున్నారే!"

"ఏదో ముఖ్యమైన అధ్యాయమట. పొద్దున్నుంచీ కుర్చీలోంచి లేవలేదు."

కంప్యూటరాయనకు ఒళ్లు మండింది. ఇంటి యంత్రం కోసం నల్ల విండో తెరిచాడు. దాని పక్కనే లైబ్రరీ సర్వర్ తాలూకు నల్ల విండో పొద్దున్నుంచీ తెరిచే ఉంది. హాల్లోని పన్నెండు కంప్యూటర్లూ ఆ సర్వర్ మీదే ఆధారపడ్డాయి. చూడ్డానికి రెండు విండోలూ కవల పిల్లలు. రెండు నిమిషాల్లో రీస్టార్ట్ అని కమాండ్ కొట్టి, ఆరేళ్ల మర్యాదను పక్కనపెట్టి, సంబోధన కూడా లేకుండా ఇలా రాశాడు: "ఇక ఆ కుర్చీలోంచి లేవండి. మీరు రాసింది ఎవరూ చదవరు. రెండు నిమిషాల్లో అన్నీ ఆపేస్తున్నాను."

ఎంటర్ నొక్కాక ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయి పదకొండు సెకన్లుంది.

అవతల హాల్లో అధ్యక్షుడు మొదటి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆయన రిటైరైన లాయరు. ఎనిమిది వందల పేజీల పుస్తకం ఒకటి రాశాడు. పక్కన లైబ్రేరియన్ మేడమ్ నిలబడింది.

"నా పుస్తకం ఉందేమో చూద్దామమ్మా" అని ఆయన సొంత పేరు టైపు చేశాడు. పుస్తకం దొరికింది. ఆయన మురిసిపోయేలోగా దాని మీద అక్షరాలు వచ్చి పడ్డాయి. పన్నెండు తెరల మీదా అవే అక్షరాలు.

"ఎవరూ చదవరా?" అన్నాడు అధ్యక్షుడు, నిజంగానే లేచి నిలబడుతూ.

తను కొట్టింది ఏ విండోలోనో అద్దం గోడ వెనక కంప్యూటరాయనకు అప్పుడు అర్థమైంది. అయినా ఇంకా టైముంది. రద్దు చేసే కమాండ్ కూడా ఉంది, దాని చివరా ఒక మాట రాయొచ్చు. గబగబా రాశాడు: "అధ్యక్షులవారూ, క్షమించండి. అది మీకు కాదు, మా మావగారికి రాసింది. ఆయన రాసేది నిజంగానే ఎవరూ చదవరు. మీకు చాలామంది పాఠకులున్నారు." ఈసారి పొరపాటు జరగకూడదని, ఎంటర్ నొక్కేముందు రాసినదాన్ని జాగ్రత్తగా పక్క విండోలోకి మార్చాడు. మార్చకముందు సరైన దాంట్లోనే ఉన్నాడు.

రెండు నిమిషాలూ నిండాయి. పన్నెండు తెరలూ ఆరిపోయాయి. మేడమ్ పరుగున వచ్చింది.

"ఏమైందండీ? ఎవరు చేశారిది?"

నేను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి మాత్రం "వైరస్ మేడమ్" అని వచ్చింది.

"వైరస్‌కి నా పుస్తకం సంగతి ఎలా తెలుస్తుంది?" అన్నాడు అధ్యక్షుడు. "ఇది లోపలివాళ్ల పనే. తలుపులు వెయ్యండి!"

తలుపులు పడ్డాయి. హాల్లో పేపరు చదువుకుంటున్న పద్దెనిమిది మందీ వరసగా నిలబడి, ఆ పుస్తకం తాము చదివామని ఒట్లు పెట్టుకున్నారు. ఒకావిడ రెండుసార్లు చదివానంది. అంతలో మేడమ్‌కు ఏదో గుర్తొచ్చింది.

"ఆ పుస్తకం బీరువాలోంచి కదలదు కాబట్టి దుమ్ము దులపడం తేలికని మన అటెండరు ఓసారి అన్నాడండీ."

అందరూ అటెండరు వైపు తిరిగారు. మూడు నెలల్లో రిటైరవబోయే మనిషి, చేతిలో దుమ్ముగుడ్డతో బిక్కచచ్చిపోయాడు. "నాకు దాన్ని ఆన్ చెయ్యడం కూడా రాదయ్యా" అన్నాడు.

కంప్యూటరాయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఒక్క మాట చెబితే అటెండరు బయటపడతాడు, ఉద్యోగం పోతుంది. చెప్పడానికే నోరు తెరిచాడు. కానీ అప్పుడే ఎవరో తలుపు తట్టారు.

వచ్చింది మావగారు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేశారు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"ఇక్కడ అధ్యక్షులవారు ఎవరండీ? మీకు రాసిన ఉత్తరం మా ఇంటికొచ్చింది. ఇచ్చి పోదామని."

గుండ్రటి దస్తూరీలో అక్షరం పోకుండా ఎత్తి రాసిన ఆ కాగితాన్ని అధ్యక్షుడు పైకి చదివాడు. "నిజంగానే ఎవరూ చదవరు" అనే చోట గొంతు తగ్గించాడు. హాలంతా కంప్యూటరాయన వైపు చూసింది.

"అటెండరుకేం తెలీదండీ. వైరసూ లేదు. రెండూ నేనే రాశాను" అన్నాడు తల ఎత్తకుండా.

మావగారు అతని దగ్గరికి వచ్చారు. "మరి నాకు రాసింది ఇక్కడికొచ్చిందట కదా అల్లుడుగారూ? అదీ ఇప్పించండి."

ఆరేళ్లుగా బాబూ, నువ్వు అని పిలిచిన మనిషి. అల్లుడు విండో చూపించాడు. మావగారు కళ్లజోడు సర్దుకుని, మూడు వాక్యాలూ నిదానంగా చదివారు.

"ముప్ఫై ఆరేళ్లు పంచాను. ఒక్కటీ తప్పు గుమ్మంలో వెయ్యలేదు. మీరు ఒక్క పూటలో రెండు వేశారు" అని వెళ్లిపోయారు.

అధ్యక్షుడు ఇంకా కాగితం కేసే చూస్తున్నాడు. "అంటే ఎవరూ చదవరన్నది నన్ను కాదన్నమాట."

"కాదండీ."

"నాకు చాలామంది పాఠకులున్నారని కూడా రాశారు."

ఆ పుస్తకాన్ని ఇంతవరకు ఒక్కరూ ఇంటికి తీసుకెళ్లలేదని జాబితా తయారుచేసిన మనిషికి తెలియదా? మేడమ్ దగ్గింది. "రాశానండీ" అన్నాడు కంప్యూటరాయన.

అధ్యక్షుడి ముఖం విప్పారింది. మధ్యాహ్నానికి ఉద్యోగం పర్మనెంటయింది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని, దొంగతనం చేసినవాడిలా సాయంత్రం ఇంటికి వెళ్లాడు. మావగారు వరండాలో మెట్టు మీద కూర్చుని ఉన్నారు. లోపల కుర్చీ ఖాళీగా ఉంది. కంప్యూటరు తనంతట తనే తేరుకుని పనిచేస్తోంది. తెర మీద ఉదయం ఆగిపోయిన పేజీ అలాగే ఉంది. అధ్యాయం పేరు "మా అల్లుడు". చివరి వాక్యం: "ఈ ఆరేళ్లలో అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు."

చాలాసేపు ఆ వాక్యం ముందే నిలబడ్డాడు. నాలుగు వందల పేజీల్లో అతను చదివిన మొదటి వాక్యం అదే. తర్వాత వరండాలోకి వచ్చి మావగారి పక్కన, ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"తప్పయిపోయింది మావయ్యగారూ. ఆ చివరి వాక్యం తీసెయ్యమంటారా?"

"ఉండనివ్వండి అల్లుడుగారూ" అన్నారు మావగారు. "అచ్చుతప్పుల పట్టికలో వేద్దాం."