ముందు పలకరింపు

గుడివాడలో ఆ శనివారం ఉదయం ఝాన్సీలక్ష్మి పెందలాడే టిఫిను ముగించి, ఉతికిన చీర కట్టుకుని ఫోను ముందు కూర్చుంది. ఆన్‌లైన్ ట్యూషన్ల కంపెనీలో ఆమె ఉద్యోగం ఖాయం కావాలంటే ఈ ఒక్క పరిచయం గట్టెక్కాలి. ఆరో తరగతి శ్రావ్యతోనూ, ఆ ఇంటివాళ్లతోనూ వీడియోలో మాట్లాడాలి. పైఅధికారి మధుసూదనరావు అదే కాల్‌లో కెమెరా కట్టేసుకుని వింటారు. కంపెనీ నియమం ఒకటే: ముందు కుటుంబాన్ని తెలుసుకోవాలి, చదువు ఊసు తొందరపడి ఎత్తకూడదు. మూడో నిమిషంలోనే సిలబస్ ఎత్తిన ఇద్దరు టీచర్లు అప్పటికే ఉద్యోగం పోయి ఇళ్లకు వెళ్లిపోయారు.

ఝాన్సీ కంగారుగా నంబరు నొక్కింది. తెర మీద ఒక పెద్దావిడ కనిపించింది.

"నమస్కారమండీ. గుడివాడ నుంచి ఝాన్సీలక్ష్మినండీ. మీ అందరినీ ఓసారి పలకరిద్దామని."

ఆవిడ పేరు పెద్దింట్లమ్మ, ఊరు నాగాయలంక పక్కన. ఫోను చేసిన మనిషిని పనేమిటని ముందే అడగడం ఆ ఇంట మర్యాద కాదు.

"చల్లగా ఉండమ్మా. టిఫిను చేశావా? గుడివాడలో ఎవరి తాలూకు?"

"మా అమ్మగారి ఊరు మొవ్వండీ. పిచ్చేశ్వరరావు గారి చిన్నమ్మాయి."

"ఓసినీ! అయితే మా కోడలికి వదిన వరసవుతావే! ఒసేయ్ విజయలక్ష్మీ, పొయ్యి కట్టేసి రా!"

విజయలక్ష్మి రొయ్యలు ఒలుస్తున్న చేతులతోనే వచ్చింది. "ఏంటి వదినా, ఇంత చిక్కిపోయారు?" అంది, అంతకుముందెప్పుడూ చూడని మనిషిని.

"ఎప్పుడొస్తున్నావమ్మా?" అంది పెద్దింట్లమ్మ.

క్లాసుల సంగతి వాళ్లే ఎత్తారని ఝాన్సీ పొంగిపోయింది. "సోమవారం నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి వస్తానండీ."

"రోజూనా?" విజయలక్ష్మి గొంతు తగ్గింది.

"రానీవే, మన పిల్లే. ఒరే బుచ్చిరాజూ, ముందుగదిలో బస్తాలు తీసెయ్!"

ఒకాయన బస్తా భుజానికెత్తుకుని తెరకు అడ్డంగా నడిచాడు.

"చదువుకి గది కూడానా! ఎంత శ్రద్ధండీ మీకు!" అంది ఝాన్సీ. అప్పటికి నలభై నిమిషాలైంది. "ఇక పాపని పిలవండి."

"ఏ పాపమ్మా?"

"శ్రావ్యండీ. ఆరో తరగతి."

"మా ఇంట్లో పిల్లలెవరే? ఉన్నవాళ్లలో చిన్నవాడు బుచ్చిరాజు. వాడికి యాభై రెండు."

ఝాన్సీ నంబరు చూసుకుంది. చివర ఏడుండాల్సిన చోట ఒకటుంది. ఉద్యోగం కళ్ల ముందే నీళ్లలో కలిసింది.

"ఝాన్సీ గారూ..." మధుసూదనరావు మొదటిసారి నోరు విప్పారు.

"ఎవరది, చాటుగా వింటున్నది?" పెద్దింట్లమ్మ గద్దించింది. "ఎవరబ్బాయివి నాయనా?"

"చల్లపల్లండీ. వెంకటపతి గారి..."

"వెంకటపతి కొడుకువా! తలుపు చాటున నిలబడతారట్రా ఎవరైనా? మొహం చూపించు!"

కెమెరా తెరుచుకుంది. పావుగంటలో ఆయనకు ఆ ఊళ్లో ఇద్దరు మావయ్యలు తేలారు. చివరికి ఆయనే, నెమ్మదిగా, ఇది పిల్లలకు లెక్కలు చెప్పే కంపెనీ అని విన్నవించుకున్నారు.

"అలా చెప్పరే! ఇంతసేపు పలకరించిన పిల్లని వట్టి చేతులతో పంపుతామా? మా బుచ్చిరాజుని తీసుకోండి. పదో తరగతిలో లెక్కల దగ్గరే ఆగాడు."

"అమ్మా!" అన్నాడు బుచ్చిరాజు బస్తా కిందనుంచి.

"నోరుముయ్. టీచరుగారికి దణ్ణం పెట్టు."

ఒక్క ఫోనుతో లేని విద్యార్థిని పుట్టించిన టీచరును మధుసూదనరావు ఆ మధ్యాహ్నమే ఖాయం చేశారు. అసలు శ్రావ్య కూడా సోమవారం అదే క్లాసులో చేరింది. వారం తిరక్కుండా వాళ్లమ్మ నుంచి ఫిర్యాదు వచ్చింది: క్లాసులో ఆ మీసాల అబ్బాయి ఇంకెవరినీ జవాబు చెప్పనివ్వడం లేదట.