పక్కగదికి, వయా టైర్ల షాపు

మనుషులు ఒకరి మాట ఒకరు వినడానికి ఇంతవరకు కనిపెట్టిన ఏర్పాట్లన్నిటిలోకీ ఉత్తమమైనది హ్యామ్ రేడియో వారపు సమావేశం. ప్రతి గురువారం ఉదయం ఏడింటికి ఊళ్లో సరదాకి రేడియో సెట్లు నడిపే ఏడుగురు లైసెన్సుదారులు ఎవరింట్లో వాళ్లు మైకు ముందు కూర్చుని, ఎదుటివాళ్ల మాట వినబడుతోందని ఒకరికొకరు చెప్పుకుంటారు. (ఆ మాట ఏమిటన్నది వేరే సంగతి. దానికి సాధారణంగా సమయం చాలదు.)

ఈ సమావేశానికి నియంత్రణాధికారి రిటైరైన హెడ్ గుమాస్తా. గొప్ప శ్రోత. ఊరి ఆ చివర నుంచి పళ్ల డాక్టరు మైకులో దగ్గితే ఆ దగ్గును కూడా టైముతో సహా లాగ్‌బుక్కులో ఎక్కించేవాడు. ఇంట్లో మాత్రం భార్య ఏం చెప్పినా "ఊఁ" అనేవాడు. ఆవిడ కుట్టు టీచరు. ఎడమకంట్లో శుక్లం వచ్చిందని, సూదిలో దారం ఎక్కడం లేదని, ఆపరేషనుకి తోడుగా ఒక మనిషి ఉండాలన్నారని ఆరుసార్లు చెప్పింది. ఆరు "ఊఁ"లు వచ్చాయి. ఏడోసారి చెప్పడం మానేసి, ఆవిడ హ్యామ్ లైసెన్సు పరీక్షకు కూర్చుంది. ఫస్టు క్లాసులో ప్యాసైంది. ఆ సంగతి చెబితే కూడా "ఊఁ" అన్నాడు.

ఆ గురువారం ఆవిడ చేతి రేడియో సెట్టు పట్టుకుని వంటగదిలో స్టూలు మీద కూర్చుంది.

"కొత్త స్టేషన్లు ఏవైనా ఉన్నాయా? ఓవర్" అన్నాడాయన.

"ఎనిమిదో నంబరు స్టేషనండీ. వంటగది నుంచి. ఓవర్."

గోడ అవతల కుర్చీ కిర్రుమంది. "స్వాగతం మేడమ్. సిగ్నల్ అద్భుతం. పక్కనే ఉన్నట్టు వినబడుతోంది. ఓవర్."

"పక్కనే ఉన్నాను. మీకో సందేశం. వచ్చే గురువారం పొద్దున్న ఏడింటికి నా కంటి ఆపరేషను. మీరు రావాలి. ఓవర్."

ఇరవై మూడేళ్లలో సమావేశానికి అందిన మొదటి సందేశం అదే. నియమావళి పేజీలు తిరగేస్తున్న చప్పుడు ఊరంతా ప్రసారమైంది.

"మేడమ్, పదకొండో నిబంధన ప్రకారం నియంత్రణ కేంద్రం తనకొచ్చిన సందేశాన్ని నేరుగా తీసుకోకూడదు. మరో స్టేషను అందించాలి. ఓవర్."

"పోనీ, అత్యవసరం కింద తీసుకోండి."

"అత్యవసరాల జాబితాలో వరద, తుఫాను, అగ్నిప్రమాదం ఉన్నాయి. కన్ను లేదు. మీరు ఓవర్ అనలేదు. ఓవర్."

నాలుగు కిలోమీటర్ల అవతల టైర్ల షాపు యజమాని ఇక ఉండబట్టలేక మైకు అందుకున్నాడు. "సార్, మీ ఆవిడకి వచ్చే గురువారం ఏడింటికి కంటి ఆపరేషనంట. మిమ్మల్ని రమ్మంటున్నారు. వెళ్లండి సార్. ఓవర్."

"చివరి ముక్క సందేశంలోదా, మీ సొంతమా? ఓవర్."

"సొంతం సార్."

"అయితే కొట్టేస్తున్నాను."

తర్వాత ఆయన ధ్రువీకరణ కోసం సందేశాన్ని పొల్లు పోకుండా చదివి వినిపించాడు. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో తన మాట మొగుడి నోట పూర్తిగా వినడం ఆవిడకదే మొదలు.

గురువారం రానే వచ్చింది. ఆరున్నరకి చీర మార్చుకుని ఆయన గది గుమ్మంలో నిలబడింది. "ఏవండీ, బయల్దేరదామా?"

"ఊఁ" అన్నాడాయన, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటూ.

ఆవిడ ఒక్కతే ఆటో ఎక్కింది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కంటి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద టైర్ల షాపాయన, పళ్ల డాక్టరు, ఇంకో నలుగురు వరసగా కూర్చుని ఉన్నారు. మొహాలెప్పుడూ చూడకపోయినా, "నమస్కారం మేడమ్" అనగానే ఆరు గొంతుల్నీ ఆవిడ గుర్తుపట్టింది.

"పేషెంటుతో ఒక్కరే ఉండాలి. మీలో ఎవరు?" అంది నర్సు. ఆరుగురూ లేచారు.

"ఇంతమందీ ఆవిడకేమవుతారు?"

"ఏమీ అవమమ్మా. మాకు ఆవిడ మాట వినబడుతుంది" అన్నాడు టైర్ల షాపాయన.

అక్కడ ఇంట్లో నియంత్రణాధికారి సరిగ్గా ఏడింటికి హాజరు మొదలుపెట్టాడు. ఒక్కొక్క స్టేషన్నీ మూడేసిసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. సెట్టు చెడిపోయిందేమోనని పరీక్షించాడు. సెట్టు భేషుగ్గా ఉంది.

మధ్యాహ్నం ఆవిడ కంటికి కట్టుతో ఇల్లు చేరేసరికి బల్ల మీద ఏడు మెమోలు సిద్ధంగా ఉన్నాయి. తనదేదో వెతికి తీసుకుని కుడికంటితో చదువుకుంది: "ముందస్తు సమాచారం ఇవ్వకుండా గైర్హాజరైనందుకు మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వగలరు."