రోజూ ఐదున్నరకు బయలుదేరే బండి

ఈ లోకంలో ఉన్నవన్నీ రెండే రకాలు: లోనికి వచ్చినవి, బయటికి పోయినవి. మూడో రకం లేదని రాళ్ళవాగు చెక్‌పోస్టు రిజిస్టరు ఏనాడో తేల్చేసింది. వేదాంతులు ఈ విషయం మీద ఇంకా వాదించుకుంటున్నారంటే, వాళ్ళెవరూ ఏన్కూరు దాటి అడవి దాకా రాలేదన్నమాట.

ఆ రిజిస్టరు అటవీ సరిహద్దు వాహన నియంత్రణ విభాగం వారిది. ఎడమ పక్కన ‘లోనికి’, కుడి పక్కన ‘బయటికి’. పొద్దున ఆరింటికి వెదురు గేటు లేస్తుంది, సాయంత్రం ఆరింటికి దిగుతుంది. లోనికి పోయిన ప్రతి వాహనమూ, అందులోని మనుషులతో సహా, గేటు దిగేలోగా బయటికి రావాలని పద్నాలుగో నిబంధన. (మనుషులు వాహనంలో భాగమని దాని కింద చిన్న అక్షరాల్లో ఉంది. స్టెప్నీ కూడా భాగమే.) అడవిలో పుట్టినవాళ్ళకు ఈ నిబంధన వర్తించదు. వాళ్ళు లోనికి రానూ లేదు, బయటికి పోనూ లేదు గనక విభాగం వారు వాళ్ళను చెట్లతో సమానంగా గౌరవించేవారు.

సుబ్బరత్నం ఆ గేటు కింద నుంచి ఇరవై రెండేళ్ళు పోతూ వస్తూ ఉంది. సంచార వైద్యశాల వ్యానులో ఆయా ఆమె. ఒక్కో పల్లెకు పదిహేను రోజులకొకసారి వ్యాను వచ్చేది. నాలుగున్నర కాగానే డ్రైవరు హారను కొట్టేవాడు. సగం కట్టిన కట్టూ, సగం చెప్పుకున్న జబ్బూ అక్కడే వదిలేసి ఆమె సీసాలు సర్దుకునేది. గేటు వేళలను ఆ ప్రాంతపు రోగాలకు ఎవరూ తెలియజేయలేదు. అవి ఎక్కువగా చీకటి పడ్డాకే ముదిరేవి.

వెదుళ్ళగుంపు అనే పల్లెలో భీమక్క అనే మనిషి ఒకనాడు వ్యాను వెనక పరిగెత్తింది. చంకలో బిడ్డ. బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది.

“ఉండరాదె అక్కా! ఈ ఒక్క పొద్దు ఉండరాదె!”

“గేటు పడిపోతుంది భీమక్కా. పోయొస్తాం,” అంది సుబ్బరత్నం కిటికీలోంచి.

పోయారు. పదిహేను రోజులకు వచ్చారు. బిడ్డ లేడు. భీమక్క ఆకుదొప్పలో తునికిపండ్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే సుబ్బరత్నం ఎప్పుడో మరిచిపోయేదేమో. ఆ తర్వాత వ్యాను కదిలినప్పుడల్లా భీమక్క పక్కనే నాలుగడుగులు నడిచి, నవ్వుతూ ఒకటే మాట అనేది: “నేను పోయేనాడన్న గేటు మాట ఎత్తకే అక్కా. దగ్గరుండు.”

ఈ మాట ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు. సుబ్బరత్నమే మోసుకు తిరిగింది. రానురాను ఎవరైనా చెప్పులు వేసుకుంటుంటే ఆమె అటు చూడలేకపోయేది.

1988లో ఆమె రిటైరైంది. అదే ఏడు వ్యానూ రిటైరైంది. వ్యానుకు పింఛను లేదు, వేలం ఉంది. పాత ఇనుము కొనే మంగీలాల్ వచ్చి, ఇంజనూ చక్రాలూ చాలన్నాడు. మిగతాది తనకిమ్మంది సుబ్బరత్నం.

“చక్రాల్లేని బండి ఏం జేస్కుంటవమ్మా?”

“చక్రాలుంటే పోతుంది గదయ్యా.”

పోయే భాగాలన్నీ ఆయనకు, ఉండే భాగాలన్నీ ఆమెకు. ఇంత న్యాయమైన పంపకం తమ ఇంట్లో కూడా జరగలేదని కల్లూరులో ఆమె అన్నలే ఒప్పుకున్నారు.

వ్యానును ట్రాక్టరు ట్రక్కు మీదికి ఎత్తించి, తానూ ఒక పక్కన కూర్చుని, అడవి దారి పట్టింది. చెక్‌పోస్టు కాపలాదారు పగిడయ్య. వ్యవసాయపు ట్రాక్టర్లను రాయనక్కర్లేదు గనక అతను ట్రాక్టరును చూడలేదు. దాని మీద వస్తున్న నంబరు ప్లేటును చూశాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే రాసేసింది: ‘సంచార వైద్యశాల వ్యాను ఒకటి. డ్రైవరు ఒకరు, డాక్టరు ఒకరు, ఆయా ఒకరు. లోనికి, ఉదయం తొమ్మిది.’ తలెత్తేసరికి ట్రాక్టరు మలుపు తిరిగిపోయింది. సిరాతో రాసింది కొట్టేయరాదని ఏడో నిబంధన.

భీమక్క ఇంటి దడి పక్కనే నాలుగు రాళ్ళ మీద వ్యానును దించారు. రోగులు పడుకున్న బల్ల మీద బొంత పరిస్తే మంచమైంది. మందుల అరల్లోకి చింతకాయ తొక్కూ, కిరసనాయిలు దీపమూ, అట్టలూడిన పుస్తకాలూ చేరాయి. సూదులు ఉడకబెట్టిన గిన్నెలో టీ కాగింది. డ్రైవరు సీటు ఊడదీసి వెనక తలుపు దగ్గర వేస్తే వాలుకుర్చీ అయింది. కిటికీలకు పాత చీరల తెరలు కట్టింది. భీమక్క ఎర్రమట్టితో మెట్టు అలికింది, ముందు వైపు వెదురు తడికతో పంచ దించింది, టాపు మీదికి సొరపాదు పాకించింది. స్టీరింగును మాత్రం ఎవరూ తీయలేదు. తడి తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి అంత వీలైన వస్తువు మరొకటి దొరకదు. లోపలి నుంచి గడియ వేసుకునే గది సుబ్బరత్నానికి యాభై ఎనిమిదేళ్ళలో అదే మొదటిది. ఆమె దాన్ని రెండు మూడుసార్లు ఊరికే వేసి తీసి చూసుకుంది.

దించిన నాటి సాయంత్రమే పగిడయ్య రిజిస్టరు చంకన పెట్టుకుని సైకిలు మీద వచ్చాడు.

“ఆయమ్మా, బండి ఎప్పుడు ఎల్తది?”

“ఎల్లదు పగిడయ్యా. ఇక్కడే ఉంటుంది.”

“ఉంటది అని రాసే గడి లేదమ్మా.”

“కింద చక్రాలు లేవు, చూడు.”

పగిడయ్య వంగి చూశాడు. శ్రద్ధగా చూశాడు. “చక్రాల గడి గూడ లేదు,” అన్నాడు.

“ఏంది పగిడన్నా, నీ పుస్తకం నీది, మా ఊరు మాది,” అంది భీమక్క. “గింత అంబలి తాగి పో.”

అంబలి తాగి పోయాడు. మూడో నాటికి, అడవిలో ఒక వైద్య వ్యాను ముగ్గురు మనుషులతో సహా తప్పిపోయిందని పై ఆఫీసుకు కబురెళ్ళింది. జీపులో ఐదుగురు వచ్చి రెండు రోజులు వెతికారు. ఎండగా ఉందని జీపును వ్యాను నీడలో ఆపారు. లోపలికొచ్చి టీ తాగారు.

“ఇటుదిక్కు ఏదన్న వ్యాను పోంగ చూసినవా అమ్మా?” అని అడిగాడు వాళ్ళలో పెద్దాయన.

“పోతుండగా చూడలేదు బాబూ,” అంది సుబ్బరత్నం. ఆమె అబద్ధమాడే మనిషి కాదు.

‘వాహనం ఆచూకీ లభించలేదు. స్థానికులు సహకరించారు,’ అని నివేదిక వెళ్ళింది.

ఆపైన, దొరకని ఆ వ్యాను పేరనే, పగిడయ్య సైకిలు మీద కాగితాలు తీరిగ్గా రావడం మొదలుపెట్టాయి. టాపు మీద సొరకాయలు కాశాయి గనక, పర్మిటు లేకుండా సరుకు ఎక్కించినందుకు సంజాయిషీ అడిగారు. పంచకు వాడిన వెదురు వాహనానికి అదనపు పొడవు అవుతుందా, సరుకు అవుతుందా అని రెండు సెక్షన్లు నెలరోజులు ఉత్తరాలు రాసుకున్నాయి. అరవయ్యో రోజున, అడవిలో గంటకు ఇరవై కిలోమీటర్ల వేగపరిమితిని ఒక్కసారీ దాటని వాహనంగా గుర్తించి ప్రశంసాపత్రం పంపారు. సుబ్బరత్నం దాన్ని స్టీరింగు పక్కన అంటించింది. ఒక డాక్టరు ఆ అడవిలో ఏకధాటిగా అరవై రోజులు ఉండటం చరిత్రలో అదే ప్రథమం గనక వైద్య శాఖ వాళ్ళు కూడా సంతోషించారు. (ఆ డాక్టరుకు హైదరాబాదులో సొంత ఆస్పత్రి ఉంది. తాను అడవిలో ఉన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.)

తొంభై ఏడో రోజున విభాగం అధికారి వెంకటరామారావు స్వయంగా వచ్చాడు. మర్యాదస్తుడు, ఎర్రుపాలెం వైపు మనిషి. వాలుకుర్చీలో కూర్చుని, గది నాలుగు వైపులా చూసి, బాగుందన్నాడు. తర్వాత ఫైలు తెరిచాడు.

“వంద రోజులు దాటి లోపలున్న వాహనాన్ని లారీ మీద మా డిపోకి తరలించాలమ్మా. ముప్పై ఒకటో నిబంధన.”

సుబ్బరత్నం టీ గ్లాసును పళ్ళెంతో సహా కింద పెట్టింది. “మీరు కళ్ళారా చూస్తున్నారు గదండీ. ఇది ఇల్లు.”

“నాకు కళ్ళున్నాయమ్మా. కానీ కళ్ళు రికార్డు కాదు.”

“బండిని తీసుకుపోతే, నేను?”

“మనుషులు వాహనంలో భాగం. మిమ్మల్నీ డిపోలో దించాలి.”

తడిక అవతల భీమక్క సొరకాయ కోస్తున్న చప్పుడు ఆగింది. వెంకటరామారావు నిబంధనల పుస్తకం తిరగేశాడు. దయగలవాడే. నిబంధనల్లో దయకు ఎక్కడ సందుందో వెతికి పట్టుకున్నాడు.

“ఒక పని చేయండి. రోజూ సాయంత్రం ఐదున్నరకు పోయినట్టు సంతకం పెట్టండి. పొద్దున ఆరింటికి వచ్చినట్టు పెట్టండి. మధ్యలో మీరెక్కడున్నారని విభాగం అడగదు. పగిడయ్య ఎదుట, ఊరి సాక్షి ఎదుట నోటితో చెప్పి సంతకం పెడితే చాలు.”

“ఏమని చెప్పాలి?”

“పోతున్నానని.”

“పోయొస్తానంటాను.”

“అలా కుదరదమ్మా. పోవడం ఒక గడి, రావడం ఒక గడి. రెండూ ఒకేసారి నింపకూడదు.”

ఆ సాయంత్రం సుబ్బరత్నం మెట్టు మీద నిలబడింది. ఎదురుగా పగిడయ్య, సాక్షిగా భీమక్క. ‘పోతున్నా’ అనే ఉత్త మాటను ఎవరి గడపలోనూ ఆమె ఎన్నడూ అనలేదు.

“అనవే అక్కా! ఎవలు పోతరో, ఎవలు ఉంటరో నేనెరగనా?” అంది భీమక్క.

“పోతున్నా భీమక్కా.”

“పో పో, జల్దీ పో. రొట్టె చల్లారుతాంది.”

సంతకం, దాని పక్కన వేలిముద్ర. డ్రైవరునూ డాక్టరునూ పగిడయ్యే రిజిస్టరులో బయటికి పంపించి, సైకిలెక్కాడు. సుబ్బరత్నమూ భీమక్కా లోపలికి పోయి జొన్నరొట్టె తిన్నారు.

రెండేళ్ళు అలాగే గడిచాయి. సాక్ష్యానికి భీమక్క తయారై వచ్చేది. తల దువ్వుకుని, ఒక్కోసారి కొప్పులో పువ్వు కూడా పెట్టుకునేది. జిల్లా మొత్తంలో డాక్టరు రోజూ వచ్చే పల్లె వెదుళ్ళగుంపు ఒక్కటేనని విభాగాల సమావేశంలో చదివితే అందరూ చప్పట్లు కొట్టారట.

మూడో ఏడు వానల్లో భీమక్కకు జ్వరం తగిలింది. చెక్‌పోస్టు అవతల వాగు పొంగి, ఏన్కూరు దారి తెగిపోయింది. ఆమె కూతురి కాపురం ఎక్కడో కూనవరం అవతల. సుబ్బరత్నం భీమక్కను వ్యానులో తన బొంత మీదికి చేర్చుకుంది. ఇరవై రెండేళ్ళు మందులున్న అరల్లో ఇప్పుడు చింతకాయ తొక్కు ఉంది. తడిగుడ్డ వేసింది, గంజి పట్టింది, కాళ్ళకు శొంఠి రాసింది. ఐదున్నరకు మాత్రం మెట్టు మీదికొచ్చి, పోతున్నానని చెప్పి, సంతకం పెట్టి వచ్చేది. సాక్షి కోసం పగిడయ్యే లోపలికొచ్చి భీమక్క వేలు పట్టుకుని ముద్ర వేయించుకునేవాడు.

మూడో సాయంత్రం వేలిముద్ర వేశాక భీమక్క కళ్ళు తెరిచింది. “పోతివా అక్కా?”

“పోయాను,” అంది సుబ్బరత్నం, పక్కన కూర్చుంటూ.

“మంచిది,” అని నవ్వి, ఆమె చెయ్యి పట్టుకుంది భీమక్క. తెల్లారి ఐదుంబావుకు, గేటు ఇంకా లేవకముందే, ఆ పట్టు వదులైంది.

ఆరింటికి గేటు ఎత్తి పగిడయ్య వచ్చాడు. మెట్టు దగ్గరే ఆగిపోయి తలపాగా తీశాడు. తర్వాత రిజిస్టరు చాపితే, సుబ్బరత్నం లోనికి వచ్చినట్టు సంతకం పెట్టింది. అప్పుడతను సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. అడవి పల్లెల్లో చావులు చెక్‌పోస్టు ద్వారానే పైకి తెలియాలి.

పేరు రాశాడు. వయసు అందాజుగా రాశాడు. ‘డాక్టరు చూశారా?’ అనే చోట, డాక్టరు ఆరింటికి గానీ లోనికి రారు గనక, లేదని రాశాడు. తర్వాతి గడి ‘మరణ సమయంలో దగ్గర ఉన్నవారు’.

“నేను,” అంది సుబ్బరత్నం.

పగిడయ్య రిజిస్టరులో ముందు వరుస చూపించాడు. “ఆయమ్మా, నిన్న ఐదున్నరకు నువ్వు పోయినవ్. ఇగో, సంతకం.”

“నా చేతిలోనే పోయింది పగిడయ్యా.”

“నాకెరుక. నాకు తెల్వదా అమ్మా?” అతను ఆ కాగితాన్ని రిజిస్టరు పక్కన పెట్టాడు. “రెండు కాయితాలు కలవకుంటె, రేపు లారీ తెచ్చి బండి గుంజుకపోతరు. నిన్ను గూడ.”

సుబ్బరత్నం బొంత మీదున్న మనిషిని చూసింది. భీమక్క అలికిన మెట్టును చూసింది.

“రాయి,” అంది.

పగిడయ్య ఆ గడిలో ‘ఎవరూ లేరు’ అని రాశాడు. రాసింది నిజమేనని కింద ఒక సాక్షి సంతకం కావాలి. అప్పటికి ఆరు దాటింది, సుబ్బరత్నం లోనికి వచ్చేసి ఉంది గనక, ఆమె సంతకం చెల్లింది.